నల్ల తెర ముందు బయాలజీ విద్యార్థి: మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఉన్నది ఒకే ప్రశ్న. బయాలజీ చదివినవాళ్ళు లైనక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఎలా నేర్చుకోవాలి? నేనూ మైక్రోబయాలజీ నుంచి వచ్చినదాన్నే. కల్చర్ ప్లేట్ల దగ్గర మొదలుపెట్టి ఇప్పుడు పూర్తిగా సీక్వెన్సింగ్ డేటా మీద పనిచేస్తున్నాను. ల్యాబ్‌లో కొత్తగా చేరేవాళ్ళకు ఈ పని నేర్పడమంటే నాకు చాలా ఇష్టం. అందుకే కొన్ని ఉత్తరాలకు కాస్త తీరిగ్గానే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీలో చేరాను. మా గైడ్ గారు ఒక సర్వర్ లాగిన్ ఇచ్చి బ్యాక్టీరియా జీనోములు విశ్లేషించమన్నారు. తెరిస్తే నల్ల తెర, కర్సర్ తప్ప ఏమీ లేవు. కంప్యూటర్ సైన్స్ నేనెప్పుడూ చదవలేదు. లైనక్స్ కోర్సు మొత్తం చేయాలా? ఏ లైనక్స్ మంచిది? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. మీరు టైప్ చేసింది ఆ తెరకు అర్థం కాకపోతే అలాంటి కమాండ్ లేదని చెప్పి మళ్ళీ కర్సర్ చూపిస్తుంది. అంతకుమించి ఏమీ జరగదు. నిజంగా నష్టం చేసేవి రెండు మూడే ఉన్నాయి. వాటి గురించి కింద చెబుతాను.

కోర్సు మొత్తం అక్కర్లేదు. లైనక్స్ కోర్సులు చాలావరకు సర్వర్లు నడిపే ఉద్యోగాల కోసం తయారుచేసినవి. కొత్త యూజర్లను చేర్చడం, డిస్కులు విభజించడం, నెట్‌వర్క్ అమర్చడం లాంటివి వాటిలో చాలా ఉంటాయి. అవన్నీ మీ సర్వర్ అడ్మిన్ చూసుకుంటారు. మీకు కావలసింది వేరు. ఫైలు ఎక్కడుందో తెలుసుకోవాలి, తెరిచి చూడాలి, దాన్ని ఒక ప్రశ్న అడిగి జవాబు రాబట్టాలి, చేసిన పని రాసిపెట్టుకోవాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు మొదట్లో బయోఇన్ఫర్మాటిక్స్ టూల్స్ ఏవీ ఇవ్వను. ఈ నాలుగు పనులే చేయిస్తాను.

ఏ లైనక్స్ అనే చర్చకు ఒక్క సాయంత్రం కూడా పెట్టకండి. సొంత కంప్యూటర్‌లో అయితే ఉబుంటు పెట్టుకోండి, ఎక్కడైనా ఇరుక్కుంటే సాయం తేలిగ్గా దొరుకుతుంది. మీ సర్వర్‌లో రాకీ లైనక్సో, ఆల్మా లైనక్సో ఉండొచ్చు. మీ పనికి కావలసిన కమాండ్లు అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తాయి. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) మీదే ఇవన్నీ నడుస్తున్నాయి. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా టాప్500లో 2017 నవంబరు నుంచి ప్రతి యంత్రమూ లైనక్స్‌దే. పెద్ద డేటా మీద పనిచేయాలంటే ఎప్పటికైనా ఈ తెర ముందుకు రావాల్సిందే.

బయాలజీకి ఇది ఇంతగా ఎందుకు కుదిరిందో తెలిస్తే సగం భయం పోతుంది. మనం వాడే ఫైళ్ళలో ఎక్కువ భాగం మామూలు టెక్స్ట్. డీఎన్‌ఏ సీక్వెన్స్ అంటే ఏ, సీ, జీ, టీ అక్షరాల వరుస. జీన్ల వివరాలంటే ట్యాబ్‌లతో వేరుచేసిన గళ్ళు. అయితే ఈ టెక్స్ట్ ఫైళ్ళలో లక్షలు, కోట్ల లైన్లుంటాయి, మామూలు ఎడిటర్‌లో తెరవబోతే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. లైనక్స్‌కు ఆదర్శమైన యునిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. అక్కడివాళ్ళు ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రామ్ రాసి, ఒకదాని ఫలితం నేరుగా రెండోదానికి అందేలా చేశారు. ఆ రెండింటినీ కలిపే నిలువు గీతే పైప్, ఇదిగో ఇది: | అక్కడి డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టడంతో అది 1973లో యునిక్స్‌లోకి వచ్చింది. జీనోములనేవి ఇంకా ఎవరి చేతికీ రాని రోజుల్లో టెక్స్ట్ కోసం చేసిన ఏర్పాటు ఇవాళ మనకు అతికినట్టు సరిపోయింది.

ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను, మీరూ నాతో పాటు చేయండి. ఎన్‌సీబీఐ (అమెరికా ప్రభుత్వ జీవశాస్త్ర డేటా కేంద్రం) నుంచి ఈ.కొలై బ్యాక్టీరియా కె-12, ఎంజీ1655 స్ట్రెయిన్ జీనోమ్ దింపుకోండి. 1997లో ప్రచురించిన సీక్వెన్స్ ఇది, పొడవు సుమారు 46 లక్షల బేసులు. మామూలు లాప్‌టాప్‌కి ఇదొక లెక్క కాదు. సీక్వెన్స్ ఉన్న ఫాస్టా ఫైలు ఒకటి, ఏ జీన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే జీఎఫ్ఎఫ్ ఫైలు ఒకటి తీసుకోండి.

ముందు జీఎఫ్ఎఫ్‌ని ‘లెస్’ కమాండ్‌తో తెరిచి చదవండి. బాణం మీటలతో కిందికీ పైకీ కదలండి, బయటికి రావాలంటే క్యూ నొక్కండి. మొదట్లో # గుర్తుతో కొన్ని వివరణ లైన్లుంటాయి. తర్వాత ప్రతి లైనులో 9 గళ్ళు. మూడో గడిలో అది ఏ రకమో ఉంటుంది: జీన్, సీడీఎస్, టీఆర్ఎన్ఏ, ఆర్ఆర్ఎన్ఏ వగైరా. నాలుగు, ఐదు గళ్ళలో మొదలు, చివర స్థానాలు. కాసేపు అలా చూస్తూ ఉండండి. ఇది పనిలో భాగమే, వృథా కాదు.

ఇప్పుడు ఏ రకం ఎన్నున్నాయని అడుగుదాం. లైన్లు వెతికి ఏరే ‘గ్రెప్’తో # తో మొదలయ్యే లైన్లు వదిలేయండి, ‘కట్’తో మూడో గడి ఒక్కటే తీయండి, ‘సార్ట్’తో వరుసలో పెట్టండి, ‘యూనిక్’తో లెక్కపెట్టించండి. నాలుగు కమాండ్లు, మధ్యలో మూడు పైపు గీతలు, అంతా ఒకే లైను. యూనిక్ పక్కపక్కనున్న లైన్లను మాత్రమే పోల్చి చూస్తుంది, అందుకని దానికి ముందు సార్ట్ తప్పనిసరి. ఎంటర్ కొట్టగానే చిన్న పట్టిక వస్తుంది. జీన్లు 4 వేలకు పైగా కనిపిస్తాయి. ఆర్ఆర్ఎన్ఏ ఎదురుగా 22 ఉంటుంది.

ఆ 22 దగ్గర ఆగండి. మీరు చదువుకున్నదే గుర్తు తెచ్చుకోండి: ఈ బ్యాక్టీరియాలో రైబోజోమల్ ఆర్ఎన్ఏ (ఆర్ఆర్ఎన్ఏ) ఆపరాన్లు, అంటే కలిసి పనిచేసే జీన్ల గుంపులు, 7. ఒక్కోదానిలో 16ఎస్, 23ఎస్, 5ఎస్ అనే మూడు రకాలూ ఒక్కొక్కటి ఉంటే 21 రావాలి. మరి 22వది ఎక్కడిది? ఇప్పుడు గ్రెప్‌తో ఆర్ఆర్ఎన్ఏ లైన్లు మాత్రం బయటికి తీసి స్థానాలు చూడండి. ఒక ఆపరాన్‌లో 5ఎస్ జీన్లు రెండు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. లెక్క సరిపోయింది. సందేహం బయాలజీ నుంచి వచ్చింది, జవాబు గ్రెప్ తెచ్చిపెట్టింది. మీరు నేర్చుకోవలసిన లైనక్స్ ఇదే. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళు ఆ పైపు లైను మీకంటే వేగంగా రాస్తారేమో, కానీ 22 చూసి ఆగేది మీరే.

ఇక నష్టం చేసేవాటి గురించి. ‘ఆర్ఎం’ అనే కమాండ్ ఫైలును చెరిపేస్తుంది. రీసైకిల్ బిన్ లాంటిదేమీ ఉండదు, పోయింది పోయినట్టే. రెండోది బయాలజీవాళ్ళకు ప్రత్యేకంగా పొంచి ఉన్న ప్రమాదం. ఫాస్టా ఫైల్లో ప్రతి సీక్వెన్స్ పేరూ > గుర్తుతో మొదలవుతుంది. ఎన్ని సీక్వెన్సులున్నాయో లెక్కపెడదామని గ్రెప్ పక్కన ఆ గుర్తు అలాగే పెట్టి ఫైలు పేరు రాశారనుకోండి, మీ ఫైలు ఖాళీ అయిపోతుంది. ఎందుకంటే మీ కమాండ్లు చదివి నడిపించే షెల్ అనే ప్రోగ్రామ్‌కు > అంటే ‘ఫలితాన్ని ఈ ఫైల్లో రాయి’ అని అర్థం. రాయడానికి వీలుగా ముందు ఆ ఫైలును తుడిచేసి, ఆ తర్వాతే గ్రెప్‌ని పిలుస్తుంది. గుర్తుకు అటూ ఇటూ కోట్ పెట్టి '>' అని రాస్తే ఏ గొడవా లేదు.

కోట్ గుర్తుంచుకోవడం ఒక్కటే చాలదు. సీక్వెన్సింగ్ సెంటర్ నుంచి వచ్చిన ముడి డేటాను ఫ్రీజర్‌లో దాచిన గ్లిజరాల్ స్టాక్ లాగా చూసుకోండి. దాన్ని ఒక ఫోల్డర్‌లో పెట్టి, ‘సీహెచ్‌మాడ్’ కమాండ్‌తో రాసే అనుమతి తీసేయండి. ఆ తర్వాత > తో ఎవరు తుడవబోయినా షెల్ ఒప్పుకోదు. ఆర్ఎం కూడా చెరపమంటారా అని ఒకసారి అడుగుతుంది. డేటాతో పాటు ఎండీ5 అంకెల (ఫైలు చెక్కుచెదరలేదని తేల్చే గుర్తింపు సంఖ్యల) జాబితా పంపి ఉంటే, ‘ఎండీ5సమ్’తో సరిచూసి మరీ పని మొదలుపెట్టండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయిన ఫైలు పైకి బాగానే కనిపిస్తుంది, దాని సంగతి వారం తర్వాత బయటపడుతుంది.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో విండోస్ ఉంది. లైనక్స్ కోసం దాన్ని తీసేయాలా? చెల్లి కూడా అదే లాప్‌టాప్ వాడుతుంది.
– డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి

జవాబు: అక్కర్లేదు. విండోస్ 10 కొత్త వెర్షన్లలోనూ, 11లోనూ విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ అనే సదుపాయం ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌షెల్ తెరిచి డబ్ల్యూఎస్ఎల్ ఇన్‌స్టాల్ కమాండ్ ఇస్తే ఉబుంటు దిగుతుంది. మీ చెల్లెలి ఫైళ్ళకు ఏమీ కాదు. ఒక్కటి మాత్రం పాటించండి: డేటాను సీ డ్రైవ్‌లో ఉంచి ఉబుంటు నుంచి చదివించకండి, చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని పనిచేయండి. మ్యాక్ ఉన్నవాళ్ళ టెర్మినల్‌లో కూడా ఈ కమాండ్లు చాలావరకు ఉంటాయి. కాకపోతే సెడ్ (టెక్స్ట్ మార్చేది), జెడ్‌క్యాట్ (కంప్రెస్ అయిన ఫైలు చదివేది) లాంటివి అక్కడ కాస్త వేరుగా ప్రవర్తిస్తాయి.

ప్రశ్న: మేడమ్, సీక్వెన్సర్ నుంచి వచ్చిన ఒక ఫాస్ట్‌క్యూ ఫైల్లో ఎన్ని రీడ్లు (అది చదివిన డీఎన్‌ఏ ముక్కలు) ఉన్నాయో లెక్కపెట్టాను. ప్రతి రీడ్ పేరూ @ తో మొదలవుతుంది కదా అని గ్రెప్‌తో @ తో మొదలయ్యే లైన్లు లెక్కిస్తే వచ్చిన సంఖ్య, సీక్వెన్సింగ్ సెంటర్ రిపోర్టులో ఉన్నదానికంటే ఎక్కువ. లేని రీడ్లు ఎక్కడినుంచి వచ్చాయి?
– ప్రాజెక్ట్ అసిస్టెంట్

జవాబు: రిపోర్టు పక్కన పెట్టుకుని పోల్చి చూశారు చూడండి, అది నాకు ఎంతో నచ్చింది. చాలామంది ఆ పని చేయరు.

మీ ఫైల్లోంచి ‘హెడ్’తో మొదటి 4 లైన్లు తీసి చూడండి. మొదటి లైను @ తో మొదలయ్యే రీడ్ పేరు. రెండోది సీక్వెన్స్. మూడోది + గుర్తు. నాలుగోదే క్వాలిటీ లైను, ఒక్కో బేసుకు ఒక్కో అక్షరం. సీక్వెన్సర్ ఆ బేసును ఎంత నమ్మకంగా చదివిందో ఆ అక్షరం చెబుతుంది. క్వాలిటీ 20 అంటే తప్పయ్యే అవకాశం 100లో 1, 30 అంటే 1000లో 1. ఈ అంకెకు 33 కలిపి, ఆ సంఖ్యకు ఆస్కీ పట్టికలో (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టిక) ఉన్న అక్షరాన్ని ఫైల్లో రాస్తారు. ఇప్పుడు లెక్క కట్టండి: క్వాలిటీ 31కి 33 కలిపితే 64. ఆస్కీలో 64వ గుర్తు ఏమిటో తెలుసా? @.

అంటే ఏ రీడ్‌లోనైనా మొదటి బేసు క్వాలిటీ 31 అయితే, దాని క్వాలిటీ లైను కూడా @ తోనే మొదలవుతుంది. గ్రెప్‌కు పేరు ఏదో, క్వాలిటీ ఏదో తెలియదు, రెండింటినీ లెక్కలో వేసేసింది. మీకు అదనంగా వచ్చిన రీడ్లు ఇవే.

సరైన దారి ఇంకా సులువు. ‘జెడ్‌క్యాట్’తో కంప్రెస్ అయి ఉన్న ఫైలును విప్పుతూ పైపు గుండా ‘డబ్ల్యూసీ’కి పంపి లైన్లు లెక్కించండి, వచ్చిన సంఖ్యను 4తో భాగించండి. 4తో నిశ్శేషంగా భాగించబడకపోతే ఫైలు ఎక్కడో తెగిందని అర్థం. పెయిర్డ్ ఎండ్ డేటా (ఒక్కో ముక్కను రెండు కొసల నుంచీ చదివినది) అయితే రెండు ఫైళ్ళలోనూ ఒకే సంఖ్య రావాలి. నేను ఏ అలైన్‌మెంట్‌కైనా (రీడ్లు జీనోమ్‌లో ఎక్కడివో వెతికి జతచేయడానికి) ముందు ఈ రెండూ చూడకుండా ముందుకు వెళ్ళను. తీరా అలైన్‌మెంట్ సగంలో ఆగిపోతే పోయే సమయంతో పోలిస్తే ఈ లెక్కకు పట్టేది ఏపాటి?

ప్రశ్న: మా సీనియర్ 200 జీన్ల పేర్లు నోట్‌ప్యాడ్‌లో పంపారు. ఆ లిస్టు ఇచ్చి గ్రెప్‌తో పెద్ద పట్టికలో వెతికితే ఒక్కటే దొరికింది, అదీ లిస్టులో చివరి పేరు! మిగతావి కూడా పట్టికలో ఉన్నాయి, కళ్ళతో చూశాను. టెర్మినల్ పాడైందా?
– ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ మీద పనిచేస్తున్న విద్యార్థి

జవాబు: చివరి పేరు ఒక్కటే దొరికిందని రాశారు కాబట్టి కారణం ఇక్కడినుంచే తెలుస్తోంది. విండోస్‌లో తయారైన టెక్స్ట్ ఫైళ్ళలో లైను చివర కంటికి కనిపించని గుర్తులు రెండుంటాయి, లైనక్స్ ఫైళ్ళలో ఒకటే. ఆ రెండింటిలో అదనంగా ఉన్నదాన్ని లైనక్స్ పేరులో భాగంగా చదువుతుంది. ఉదాహరణకు లిస్టులో టీపీ53 అనే జీన్ ఉంటే, గ్రెప్ వెతికింది ‘టీపీ53’ కోసం కాదు, ‘టీపీ53, దాని వెనక ఒక అదృశ్య గుర్తు’ కోసం. అలాంటిది మీ పట్టికలో లేదు. చివరి పేరు తర్వాత మీ సీనియర్ ఎంటర్ కొట్టలేదు, దానికి ఆ తోక లేదు, అందుకే అది దొరికింది.

‘క్యాట్’ కమాండ్‌కు హైఫన్, పెద్ద ఏ జతచేసి మీ లిస్టు చూడండి. ప్రతి లైను చివరా డాలర్ గుర్తుకు ముందు ఆ అదనపు గుర్తు కనిపిస్తుంది. ‘డాస్2యునిక్స్’ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఫైలును మార్చుకుంటే సరి.

ఇక్కడితో ఆగొద్దు, ఎందుకంటే ఆ తోక తీసేశాక ఇంకో చిక్కు వస్తుంది. గ్రెప్ ‘టీపీ53’ అడిగితే టీపీ53బీపీ1 అనే వేరే జీన్‌ను కూడా తెస్తుంది. పూర్తి మాట మాత్రమే చూడమనే హైఫన్ డబ్ల్యూ పెడితే అది ఆగుతుంది కానీ, ‘జెడ్ఈబీ1’ అడిగినప్పుడు జెడ్ఈబీ1-ఏఎస్1 వచ్చేస్తుంది. మధ్యలో ఉన్న హైఫన్ దగ్గర మాట అయిపోయిందని అది అనుకుంటుంది. జీన్ పేర్లను పోల్చేటప్పుడు ఆ గడి మొత్తం అచ్చంగా సరిపోయిందా అని చూడటమే క్షేమం. ఆ పని పట్టికను గళ్ళవారీగా చదివే ‘ఆక్’ కమాండ్‌తో చేయండి. గ్రెప్ తర్వాత మీరు నేర్చుకోవలసింది అదే.

మరో మాట, కొంచెం గట్టిగానే చెబుతాను. మీ సీనియర్ ఆ జాబితాను ఎక్సెల్ నుంచి తీసి ఉంటే, అందులో తేదీలేమైనా ఉన్నాయేమో వెతకండి. సెప్ట్2, మార్చ్1 అనే జీన్ పేర్లను ఎక్సెల్ సెప్టెంబరు 2, మార్చి 1 అనుకుని మార్చేస్తుంది. ఈ సంగతిని 2004లోనే పరిశోధకులు పత్రికలో రాసి హెచ్చరించారు. 2016లో ‘జీనోమ్ బయాలజీ’ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, ఎక్సెల్ జీన్ జాబితాలు జతచేసిన పేపర్లలో సుమారు ఐదో వంతు వాటిలో ఇలాంటి తప్పులున్నాయి. చివరికి 2020లో మానవ జీన్ల పేర్లు ఖరారుచేసే కమిటీయే ఆ పేర్లు మార్చింది. ఇప్పుడవి సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1. పాత డేటాలో మాత్రం పాత పేర్లే ఉన్నాయి. జీన్ల పట్టికను ఎక్సెల్‌లో చూడాలనిపిస్తే ఒక కాపీ చేసుకుని చూడండి, సేవ్ చేసి మళ్ళీ పైప్‌లైన్‌లోకి తేవద్దు.

ప్రశ్న: సర్వర్‌లో రాత్రి ఒక అలైన్‌మెంట్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి జాబ్ లేదు, అడ్మిన్ నుంచి కోపంగా ఒక మెయిల్ ఉంది. నేనేం చేశాను?
– మొదటి సంవత్సరం పీహెచ్‌డీ

జవాబు: మీరు లాగిన్ అవగానే వచ్చేది లాగిన్ నోడ్. అది అందరూ లోపలికి రావడానికీ, ఫైళ్ళు చూసుకోవడానికీ, జాబ్‌లు పంపడానికీ ఉన్న యంత్రం. అక్కడే అలైన్‌మెంట్ నడిపితే మిగతావాళ్ళ తెరలన్నీ బిగుసుకుపోతాయి. బరువు పనులకు కంప్యూట్ నోడ్లు వేరే ఉంటాయి. వాటిని పంచే సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల స్లర్మ్. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎంతసేపు కావాలో ఒక చిన్న స్క్రిప్ట్ మొదట్లో రాసి ‘ఎస్‌బ్యాచ్’తో పంపండి, ‘ఎస్‌క్యూ’తో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి. ఒకసారి పంపాక మీ లాప్‌టాప్ మూసేసినా జాబ్ ఆగదు.

మెమరీ ఎంత అడగాలో తెలియడం ముఖ్యం. మనిషి జీనోమ్‌కు స్టార్ అనే అలైనర్ వాడితే సుమారు 30 జీబీ ర్యామ్ కావాలి. 8 జీబీ అడిగితే స్లర్మ్ ఆ జాబ్‌ను మధ్యలోనే చంపేస్తుంది. అదే డేటాకు హైశాట్2 అనే మరో అలైనర్ చాలా తక్కువతో సరిపెట్టుకుంటుంది. ఒక శాంపిల్‌తో నడిపి, ఎంత వాడిందో చూసి, దానికి కాస్త ఎక్కువ అడగండి. అడ్మిన్‌కు క్షమాపణ చెబుతూ ఒక మెయిల్ పెట్టండి, స్క్రిప్ట్ సరిగ్గా రాశానో లేదో చూడమని కూడా అడగండి. నాకు తెలిసిన అడ్మిన్లలో అలా అడిగినవాళ్ళకు సాయం చేయనివాళ్ళు లేరు.

ప్రశ్న: ఒక టూల్ ఇన్‌స్టాల్ చేస్తే ఇంకో టూల్ పనిచేయడం మానేస్తోంది. సర్వర్‌లో అడ్మిన్ అధికారంతో కమాండ్లు నడిపే సుడో వాడే అనుమతి కూడా లేదు.
– మెటాజీనోమిక్స్ నేర్చుకుంటున్న పాఠకురాలు

జవాబు: సుడో లేకపోవడం మీకు మంచిదే, అది లేకుండానే అంతా చేయొచ్చు. మినీఫోర్జ్ అనే చిన్న ప్యాకేజీని మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి. దానితో టూల్స్ ఇన్‌స్టాల్ చేసిపెట్టే కోండా వస్తుంది. బయోఇన్ఫర్మాటిక్స్ టూల్స్ బయోకోండా అనే చానల్‌లో వేల సంఖ్యలో సిద్ధంగా ఉన్నాయి. చానళ్ళ వరుసలో ముందు కోండా-ఫోర్జ్, తర్వాత బయోకోండా ఉండాలి. ఆ వరుస తారుమారైతే మీరు చెబుతున్న గొడవలే వస్తాయి.

మీ అసలు సమస్య అన్నీ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో (టూల్స్‌ను విడిగా ఉంచే గది లాంటిది) పెట్టడం. ఒక టూల్‌కు పైథాన్ పాతది కావాలి, ఇంకోదానికి కొత్తది కావాలి. ఒక్కో పనికి ఒక్కో ఎన్విరాన్‌మెంట్ తయారుచేసుకోండి. మొదట వచ్చే ‘బేస్’లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకండి. పని అయ్యాక ఏ టూల్, ఏ వెర్షన్ వాడారో ఒక ఫైల్లోకి ఎక్స్‌పోర్ట్ చేసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే ఉంచండి. పేపర్ రాసేటప్పుడు మెథడ్స్ భాగంలో వెర్షన్ నంబర్లు కావాలి, అప్పుడు గుర్తుతెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: నేను జంతుశాస్త్ర అధ్యాపకుణ్ణి, త్వరలో పదవీ విరమణ చేయబోతున్నాను. విద్యార్థులకు ఈ విషయాలు పరిచయం చేయాలని ఉంది. గెలాక్సీ అనే వెబ్‌సైట్‌లో మౌస్‌తోనే అన్నీ చేయొచ్చంటున్నారు. అది చాలదా? ఈ వయసులో నేను కమాండ్లు నేర్చుకోగలనా?

జవాబు: మాస్టారూ, నిక్షేపంగా నేర్చుకోగలరు. రోజుకు పది కమాండ్ల కంటే ఎక్కువ నేను కూడా వాడను. మిగతావి అవసరమైనప్పుడు కమాండ్ వివరాలుండే ‘మ్యాన్’ పేజీ తెరిచి చూసుకుంటాను.

గెలాక్సీ 2005 నుంచి ఉన్న మంచి వేదిక, ఉచితం, ఓపెన్ సోర్స్. క్లాసులో ఒక విశ్లేషణ మొదలు నుంచి చివరిదాకా చూపించడానికి దానికి మించింది లేదు. చేసిన ప్రతి అడుగునూ అది రాసిపెడుతుంది కూడా. అక్కడే మొదలుపెట్టండి. అది చాలదా అంటే, అందులో ఉన్న టూల్స్‌తో అయ్యే ప్రశ్నలకు చాలు. విద్యార్థి సొంతంగా ఒక వింత ప్రశ్న అడిగిన రోజున, ఆ 22వ ఆర్ఆర్ఎన్ఏ లాంటిది, గ్రెప్ చేతిలో ఉంటే బాగుంటుంది. క్లాసులో చూపడానికి చిన్న జీనోములు ఎంచుకోండి. ఫైఎక్స్174 అనే వైరస్ జీనోమ్ 5,386 బేసులే. సాంగర్ బృందం 1977లో చదివింది. అది మొత్తం ఒకటి రెండు తెరల్లో పడుతుంది. పిల్లలు ఒక జీవి పూర్తి సీక్వెన్స్‌ను తమ కళ్ళతో చూస్తారు. ఏ స్లైడ్ చూపించినా ఆ అనుభవం రాదు.

ప్రశ్న: ఏ కమాండ్ కావాలన్నా ఏఐ చాట్‌బాట్‌ని అడిగి కాపీ చేస్తున్నాను, చాలాసార్లు పనిచేస్తోంది. ఇంక నేర్చుకోవడం ఎందుకు?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: అడగండి, తప్పేమీ లేదు. అయితే ‘పనిచేస్తోంది’ అంటే మీ ఉద్దేశం ఎర్రర్ రాలేదనే కదా? పైన ప్రాజెక్ట్ అసిస్టెంట్ వాడిన గ్రెప్‌లో కూడా ఎర్రర్ రాలేదు. చక్కగా ఒక సంఖ్య వచ్చింది, అది తప్పు. రిపోర్టు పక్కన పెట్టుకున్నారు కాబట్టి దొరికింది. బయాలజీ డేటాలో చాలా తప్పులు ఇలా నిశ్శబ్దంగానే జరుగుతాయి. జీఎఫ్ఎఫ్ లాంటిదే బెడ్ అనే మరో రకం ఫైలుంది, అందులో స్థానాలు 0 నుంచి మొదలవుతాయి, జీఎఫ్ఎఫ్‌లో 1 నుంచి. ఒకదాన్ని ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు ఆ ఒక్క బేసు తేడా పట్టించుకోకపోతే ఎక్కడా ఎర్రర్ రాదు. మీ స్టార్ట్ కోడాన్ మాత్రం ఒక బేసు పక్కకు జరుగుతుంది.

కాబట్టి తెచ్చుకున్న కమాండ్‌లో ప్రతి ముక్కా ఏం చేస్తుందో మ్యాన్ పేజీలో చూసి మరీ ఎంటర్ కొట్టండి. అందులో ఆర్ఎం, సుడో, > వీటిలో ఏదున్నా రెండుసార్లు చదవండి. నక్షత్రం గుర్తుతో చాలా ఫైళ్ళను చెరిపే కమాండ్ అయితే, ఆర్ఎం స్థానంలో ముందు ‘ఎల్ఎస్’ పెట్టి నడపండి, ఏ ఫైళ్ళు పోతాయో పేర్లు వస్తాయి. పని పూర్తయిన కమాండ్లను టెర్మినల్ హిస్టరీలో వదిలేయకుండా ఒక స్క్రిప్ట్ ఫైల్లో రాసి, పక్కన # పెట్టి ఎందుకు చేశారో ఒక లైను తెలుగులోనైనా సరే రాయండి.

అసలు డేటా మీద నడిపే ముందు చిన్న ముక్క మీద నడిపి చూడండి. జవాబు చేత్తో లెక్కపెట్టగలిగేంత చిన్నదై ఉండాలి. పట్టిక అయితే హెడ్‌తో మొదటి 20 లైన్లు చాలు. ఫాస్ట్‌క్యూ అయితే 40 లైన్లు తీయండి, సరిగ్గా 10 రీడ్లు వస్తాయి. 50 తీస్తే చివరి రీడ్ సగంలో తెగిపోయి టూల్ ఎర్రర్ ఇస్తుంది, లోపం కమాండ్‌లో ఉందనుకుని వెతుకుతూ కూర్చుంటారు.